పడవ జాడ చూపే యాప్: ఏడు గంటల నాటి చుక్కను ఎలా చూపించాలి?

తీరం_డిజైనర్ | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను విశాఖలో యాప్‌ల తెరలు గీసే పని చేస్తాను. నలుగురం కలిసి, వేటకు వెళ్లిన మరపడవలు ఎక్కడున్నాయో ఒడ్డున ఉన్న యజమానులకూ ఇంట్లోవాళ్లకూ చూపించే చిన్న యాప్ ఒకటి తయారు చేస్తున్నాం. పటం మీద పడవకో ఆకుపచ్చ చుక్క, పక్కన గాలి, అలల వివరాలు. పడవలోని పరికరం ఫోను సిగ్నలు అందినంత దూరం తన స్థానాన్ని పంపుతుంది. సిగ్నలు దాటాక ఏమీ పంపలేదు.

పోయిన మంగళవారం తెల్లవారుజామున చేపలరేవుకు వెళ్లి కొందరికి చూపించాం. వేలంపాట జరిగే చోటుకు కాస్త అవతల, ఐసు గంపల దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆమె కొడుకు ఒక పడవలో కళాసీ. ఫోను చేతికిస్తే చుక్కను వేలితో తాకి, “ఇదిగో, మావాడు ఇక్కడే ఉన్నాడు, దగ్గరలోనే” అని నవ్వి, ఫోను తిరిగిచ్చి పనిలో పడింది. నా గుండె జారిపోయింది. ఆ చుక్క ఏడు గంటల కిందటిది. సమయం రాశాం, నిజమే. చుక్క కింద, బూడిదరంగులో, చీమతలంత అక్షరాల్లో. ఆమె కళ్లజోడు కూడా పెట్టుకుని లేదు.

మేము అబద్ధం చెప్పలేదు. కానీ ఆమె అబద్ధం నమ్మి వెళ్లింది. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. చుట్టూ ఏం జరుగుతోందో మనిషికి సరిగ్గా తెలిసేలా తెరను ఎలా గీయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నావికుడు_భీమిలి | శుక్రవారం, రాత్రి 9:50

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకు మా వృత్తిలో ఒక పాఠం ఉంది. ఓడను నడిపే గదిలో, అంటే బ్రిడ్జి మీద, కాపలా నేర్చుకునే ప్రతి కుర్రాడికీ చెబుతాం.

1995 జూన్‌లో రాయల్ మెజెస్టీ అనే ప్రయాణికుల నౌక బెర్ముడా నుంచి బోస్టన్‌కు బయలుదేరింది. బయలుదేరిన గంటలోపే జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడిపోయింది. పరికరం ఆగిపోలేదు, అదే అసలు చిక్కు. ఉపగ్రహం అందకపోయేసరికి అది తనంతట తాను వేగాన్నీ దిక్కునూ బట్టి స్థానాన్ని అంచనా కట్టడం మొదలుపెట్టింది. గాలీ నీటిపోటూ ఓడను పక్కకు నెడుతున్న సంగతి ఆ లెక్కలో లేదు. పద్ధతి మారిందని తెర మీద రెండు పొట్టి గుర్తులు కనిపించాయి. మిగతా అంకెలన్నీ ఎప్పటిలాగే పెద్దగా, ధీమాగా మారుతూ ఉన్నాయి. సుమారు 34 గంటల పాటు కాపలా మారుతూ వచ్చిన అధికారుల్లో ఒక్కరూ ఆ గుర్తులను పట్టించుకోలేదు. చివరికి దారికి 17 మైళ్లు పక్కకు జరిగి, నాంటకెట్ దీవి దగ్గర ఇసుకమేటల మీదికెక్కింది. అదృష్టవశాత్తు ప్రాణనష్టం లేదు.

మీ బూడిదరంగు అక్షరాలూ ఆ రెండు గుర్తులూ ఒకటే. తెలిసిన స్థానాన్నీ ఊహించిన స్థానాన్నీ ఒకే ముఖంతో చూపిస్తే, మనిషి ముఖాన్నే నమ్ముతాడు.

ఎండాడ_కోడర్ | శుక్రవారం, రాత్రి 10:21

నావికుడు గారి మాట కాదనను. కానీ ఆచరణ కూడా చూడాలి. వేటకు వెళ్లిన పడవ పది పదిహేను రోజులు సముద్రం మీదే ఉంటుంది. అందులో ఎక్కువ రోజులు సిగ్నలు ఉండదు, అది మామూలు సంగతి. “సమాచారం పాతది” అని ప్రతిసారీ ఎర్రగా అరిస్తే ఇంట్లోవాళ్లు రోజూ ఏడుస్తూ కూర్చుంటారు. నాలుగు రోజులయ్యాక ఆ ఎరుపుకు అలవాటు పడతారు, నిజంగా ప్రమాదం వచ్చినప్పుడూ పట్టించుకోరు. నా సలహా ఒక్కటే: సమయం అక్షరాలు పెద్దవి చేయండి, నల్లరంగు వేయండి. చుక్క అలాగే ఉండనివ్వండి. ఉన్న ఆసరాను తీసేయకండి.

జాలరిపేట_బిడ్డ | శుక్రవారం, రాత్రి 11:05

కోడర్ గారూ, నొచ్చుకోకండి. మా ఇంట్లో ముగ్గురు వేటకు వెళ్తారు. మాకు “తెలియదు” అనే మాట కొత్త కాదు, దానికి భయపడి ఏడ్చేవాళ్లమైతే సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకోం. మమ్మల్ని దెబ్బతీసేది తెలియకపోవడం కాదు. తెలిసిందనుకుని ఊరుకోవడం.

ఒక సంగతి చెబుతాను. పోర్టులో ఎగరేసే తుపాను హెచ్చరికల నంబర్లు అందరికీ తెలుసు కదా. ఒకటి, రెండు అంటే దూరంలో ఏదో ఉంది. మూడు, నాలుగు అంటే ఈ రేవుకే ఆ వాతావరణం తగలవచ్చు. అయిదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం. పది అంటే తుపాను నేరుగా రేవు మీదికో, మరీ దగ్గరగానో వస్తోందని. మరి పదకొండు?

పదకొండో నంబరు గాలి పదింటి కంటే గట్టిది అని చాలామంది అనుకుంటారు. కాదు. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి అధికారి అంచనాలో ప్రమాదం ఉంది అని దాని అర్థం. అంటే “మాకు కబురు అందడం లేదు” అని చెప్పడానికే ప్రత్యేకంగా ఒక గుర్తు, ఒక దీపాల వరుస పెట్టుకున్నారు. పైగా దాన్ని వరుసలో అన్నిటికంటే చివర ఉంచారు. సున్నా కింద దాచలేదు.

మా తాతకు చదువు రాదు. పదకొండు గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేవాడు. మీ యాప్‌లో పదకొండో నంబరు ఎక్కడుంది? నేను అడిగేది అదొక్కటే.

తీరం_డిజైనర్ | శుక్రవారం, రాత్రి 11:31

ఈ మాట చదివి చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. మా యాప్‌లో పది రకాల స్థితులకు గుర్తులు గీశాం. “కబురు లేదు” అన్నదానికి గుర్తే లేదు. పాత చుక్కే దాని పని కూడా చేస్తోంది.

పాతకాపు_కంట్రోల్‌రూము | శనివారం, ఉదయం 6:40

ముప్పై ఏళ్లు కంట్రోల్ రూములో ప్యానెళ్ల ముందు కూర్చుని రిటైరైనవాణ్ని. మీరు మాట్లాడుతున్నదానికి శాస్త్రంలో ఒక పేరుంది, సిట్యుయేషన్ అవేర్‌నెస్ అంటారు. మైకా ఎండ్‌స్లీ అనే పరిశోధకురాలు 1980ల చివర్లో విమాన చోదకుల గురించి పనిచేస్తూ దీన్ని నిర్వచించారు, 1995లో సిద్ధాంతంగా వివరంగా రాశారు. మూడు మెట్లు. చుట్టూ ఉన్నవాటిని గమనించడం మొదటిది. అవి కలిసి ఏం చెబుతున్నాయో అర్థం చేసుకోవడం రెండోది. కాసేపటికి ఏం కాబోతోందో ఊహించగలగడం మూడోది. ఆ పెద్దావిడ మొదటి మెట్టు మీదే జారింది, ఎందుకంటే ఆమెకు కనిపించిన చుక్క ఇప్పటిది కాదు. మొదటి మెట్టు విరిగితే మిగతా రెండూ గాల్లో ఉన్నట్టే.

తెలుగులో దీన్ని “ఎరుక” అంటే సరిపోతుందని నాకు అనిపిస్తుంది. ఎరుక అంటే తెలివిడి. ఎరుక చెప్పడమంటే రాబోయేది చెప్పడం. మొదటి మెట్టూ మూడో మెట్టూ మన మాటలో ముందే ఒకటిగా ఉన్నాయి.

ఇక నా అనుభవం. 1979 మార్చి 28న అమెరికాలో పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో పీడనం తగ్గించే వాల్వు ఒకటి తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు. ప్యానెల్ మీద దీపం మాత్రం ఆరిపోయింది. ఆపరేటర్లు వాల్వు మూసుకుందనుకున్నారు. ఆ దీపం వాల్వు సంగతి చెప్పేది కాదు. మూసుకోమనే ఆజ్ఞ వెళ్లిందా లేదా అన్నదే చెప్పేది. రెండు గంటలకు పైగా ఆ దారిన రియాక్టరును చల్లబరచాల్సిన నీరు పోతూనే ఉంది. మా కుర్రాళ్లకు నేను ఇదే చెప్పేవాణ్ని: దీపం ఎవరి మాట చెబుతోందో ముందు కనుక్కో. పరికరం మాటా, నీ ఆజ్ఞ మాటా?

మీ చుక్క ఎవరి మాట చెబుతోంది? పడవ మాటా, మీ సర్వరు మాటా?

ఎండాడ_కోడర్ | శనివారం, ఉదయం 8:15

పాతకాపు గారి చివరి ప్రశ్న నన్ను కుదిపింది, ఎందుకంటే నిజంగా అక్కడ మూడు గడియారాలుంటాయి. పడవ తన స్థానం పంపిన సమయం ఒకటి. అది సర్వరుకు అందిన సమయం రెండోది. ఫోను సర్వరును చివరిసారి అడిగి తెచ్చుకున్న సమయం మూడోది. చాలా యాప్‌లలో “ఇప్పుడే తాజా అయింది” అని రాసేది మూడో గడియారం చూసి. నేనూ అలాగే రాశాను, చాలాసార్లు. ఫోను ఇప్పుడే అడిగింది, సర్వరు ఇప్పుడే జవాబిచ్చింది, కానీ ఆ జవాబులో ఉన్నది ఏడు గంటల నాటి స్థానం. తెర మీద “ఇప్పుడే” అని పడుతుంది. త్రీ మైల్ ఐలాండ్ దీపం అంటే ఇదే కదా.

కాబట్టి నిన్నటి నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. చూపాల్సింది మొదటి గడియారం ఒక్కటే. దాన్ని కూడా ఫోను గడియారంతో పోల్చి లెక్కపెట్టకండి. కొందరి ఫోనుల్లో సమయం తప్పుగా పెట్టి ఉంటుంది. ఎంతసేపయిందో సర్వరులోనే లెక్కగట్టి పంపండి. ఫోనుకే నెట్‌వర్కు లేనప్పుడు అది వేరే స్థితి. “పడవ నుంచి కబురు లేదు”, “మీ ఫోనుకు సిగ్నలు లేదు” రెండూ వేర్వేరుగా కనిపించాలి. మొదటిదానికి మనిషి చేయగలిగింది తక్కువ. రెండోదానికి డాబా ఎక్కితే సరిపోవచ్చు.

అయినా ఎరుపు వద్దనే అంటాను.

నైట్‌డ్యూటీ_నర్సు | శనివారం, ఉదయం 9:02

రాత్రి డ్యూటీ దిగి ఇంటికొస్తూ ఇదంతా చదివాను. ఎరుపు గురించి కోడర్ గారు చెప్పింది మా ఐసీయూలో రోజూ చూస్తాం. మానిటర్లు అదేపనిగా మోగుతుంటాయి, చాలావాటికి చేయాల్సిందేమీ ఉండదు. చెవి మొద్దుబారుతుంది. అది నర్సు నిర్లక్ష్యం కాదు, మనిషి శరీరం అంతే.

అయితే మంచి పనితనం కూడా ఆ మానిటర్లలోనే ఉంది. ఛాతీ మీద అంటించిన తీగ ఊడిపోతే తెర మీద గీత మామూలుగా సాగిపోదు. ముక్కలు ముక్కలుగా మారి “తీగ ఊడింది” అని చెబుతుంది. గుండె ఆగినప్పుడు వచ్చే గీత వేరు, మానిటరుకు గుండె సంగతి తెలియనప్పుడు వచ్చే గీత వేరు. ఈ తేడా లేకపోతే మేము ఊడిన తీగ కోసం ఛాతీ నొక్కుతూ ఉండేవాళ్లం, లేదా ఆగిన గుండెను చూసి తీగ ఊడిందనుకునేవాళ్లం.

ఇంకొకటి. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు ప్రతి నాడికీ ఒక చిన్న శబ్దం చేస్తుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ శబ్దం స్థాయి దిగుతుంది. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టరు తెరకు వీపు పెట్టి సూది సిద్ధం చేసుకుంటూ ఉంటారు. శబ్దం కాస్త దిగగానే తల తిప్పుతారు. అక్కడ అలారం ఇంకా మోగలేదు. చూపు అవసరం లేకుండానే ఆయనకు ఎరుక ఉంది. నాకు తెలిసిన అన్ని పరికరాల్లో అంత దయగల ఆలోచన మరొకటి లేదు.

శబ్దమే_దారి | శనివారం, ఉదయం 11:48

నర్సు గారి మాటకు చెయ్యి కలుపుతున్నాను. నాకు చూపు లేదు. మద్దిలపాలెం నుంచి రోజూ ఒంటరిగా ఆఫీసుకు వెళ్తాను, ఫోనులో తెర మీది మాటలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడతాను. నాకు రోడ్డు అంటే శబ్దమే. ఆటో ఎటునుంచి వస్తోంది, బస్సు ఆగుతోందా కదులుతోందా, దుకాణం షట్టరు తెరిచి ఉందా, అన్నీ చెవితోనే. అందుకే ఇయర్‌ఫోను ఒక చెవికే పెట్టుకుంటాను.

దారి చెప్పే యాప్ ఒకటి సరిగ్గా కూడలి దాటేటప్పుడే గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది. “రెండు వందల మీటర్ల తర్వాత ఎడమకు తిరిగి, ఆ తర్వాత...” అని అది చెబుతున్నప్పుడు ఆటో హారను నాకు వినిపించదు. పోయిన ఏడాది ఒక బండి నా చేతికర్రను తగిలి విరగ్గొట్టి వెళ్లింది. మనిషికి ఏమీ కాలేదు. ఆ యాప్ నాకు దారి తెలియజేసింది, దారిలో ఉన్నదాన్ని తెలియకుండా చేసింది. ఎరుక అంటే తెరలో ఉన్న సమాచారం కాదండి. మనిషికి తన చుట్టూ ఉన్నదాని మీద ఉండాల్సిన పట్టు. యాప్ ఆ పట్టులో వాటా అడగాలి, మొత్తం లాక్కోకూడదు.

మీ యాప్‌కు ఒక సూచన. వెబ్ ప్రమాణాల్లో, 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1లో, స్థితి మారినప్పుడు ఆ మాట తెర చదివే సాఫ్ట్‌వేర్‌కు కూడా అందాలని నియమం ఉంది. అలా అందించేటప్పుడు రెండు తరహాలు ఎంచుకోవచ్చు. ఒకటి మర్యాదగా, జరుగుతున్న మాట పూర్తయ్యాక చెప్పడం. రెండోది మాట మధ్యలో అడ్డుపడి చెప్పడం. అలల ఎత్తు మారితే మర్యాదగా చెప్పండి. తుపాను హెచ్చరిక వస్తే అడ్డుపడండి. అన్నిటికీ అడ్డుపడే యాప్‌ను నేను రెండో రోజే తీసేస్తాను. మీ చుక్క రంగు మారితే నాకు తెలియదన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

రైలుబడి | శనివారం, మధ్యాహ్నం 12:30

చిన్న మాట. మన విశాఖ స్టేషన్లో హౌరా వైపు నుంచి చెన్నై వైపు వెళ్లే చాలా రైళ్లకు ఇంజను ఇటు నుంచి తీసి అటు పెడతారు, రైలు వచ్చిన దిక్కుకే మళ్లీ బయలుదేరుతుంది. మా నాన్నగారు నిద్రలేచి, రైలు వెనక్కి పోతోందని కంగారుపడి దిగబోయారు. చేతిలో ఫోను ఉంది, అందులో పటం ఉంది, పటంలో బాణం గిర్రున తిరిగింది. “ఇక్కడ రైలు దిశ మారుతుంది” అనే నాలుగు మాటలు పది నిమిషాల ముందు కనిపించి ఉంటే చాలు. జరగబోయేది ముందుగా చెప్పడమంటే పెద్ద లెక్కలే అక్కర్లేదు.

వాతావరణ_విద్యార్థి | శనివారం, మధ్యాహ్నం 3:17

తీరం గారూ, గాలి, తుపాను వివరాలు కూడా చూపిస్తున్నారన్నారు కదా. అక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి.

మొదటిది, తుపాను దారి చుట్టూ గీసే శంకువు లాంటి ఆకారం. ముందుకు పోయేకొద్దీ వెడల్పవుతుంది. చూసినవాళ్లు తుపాను అంత పెద్దదవుతుందని అనుకుంటారు, లేదా “మా ఊరు గీత బయట ఉంది, మాకు భయం లేదు” అనుకుంటారు. రెండూ తప్పే. తుపాను కేంద్రం ఎటు వెళ్లవచ్చో, గతంలో అంచనాల్లో వచ్చిన తేడాలను బట్టి గీసిన హద్దు అది. కేంద్రం లోపలే ఉన్నా గాలీవానా బయటికి వస్తాయి. అనుమానం ఎంత ఉందో చూపించడానికి గీసిన బొమ్మ, చూసేవాడికి పరిమాణంలా కనిపిస్తోంది.

రెండోది రంగులు. వాతావరణ శాఖ పసుపు అంటే గమనిస్తూ ఉండండి అని, నారింజ అంటే సిద్ధంగా ఉండండి అని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోండి అని. అవి వాన మిల్లీమీటర్ల రంగులు మాత్రమే కావు, మనిషి ఏం చేయాలో చెప్పే రంగులు. యాప్‌లు పనిమాటను వదిలేసి రంగు మాత్రమే పటానికి పులుముతాయి. దయచేసి మీరు ఆ పని చేయకండి. మీ చుక్క ఆకుపచ్చగా ఉందన్నారు. ఆ పటంలోనే ఆకుపచ్చ అంటే “హెచ్చరిక లేదు” అని కూడా అర్థం వస్తుంది. పెద్దావిడకు ఆ రంగే “మావాడు క్షేమం” అని చెప్పి ఉండవచ్చు.

హుద్‌హుద్ తుపాను నాకు బాగా గుర్తుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. గంటకు 180 కిలోమీటర్ల స్థాయి గాలి ఊరిని ఊపేసి, ఉన్నట్టుండి ఆగిపోయింది. వీధిలో జనం బయటికి వచ్చారు, పడిపోయిన చెట్లు చూస్తూ తిరిగారు. మా పక్కింటి మాస్టారు ఒక్కరే “లోపలికి రండి, ఇది తుపాను కన్ను, గాలి ఇప్పుడు ఎదురు దిక్కు నుంచి కొడుతుంది” అని అరుస్తూ ఇల్లిల్లూ తిరిగారు. ఆయన చెప్పినట్టే అయింది. ఆ నిశ్శబ్దంలో కళ్లకు కనిపించిందంతా నిజమే, అర్థం చేసుకున్నదే తప్పు. పాతకాపు గారి రెండో మెట్టు అదేననుకుంటాను. నేను ఈ చదువులోకి రావడానికి కారణం ఆ మాస్టారే.

పాతకాపు_కంట్రోల్‌రూము | శనివారం, సాయంత్రం 5:05

విద్యార్థి చెప్పిన నిశ్శబ్దం మాటకు ఒకటి కలుపుతాను. 2009 జూన్ 1న రియో నుంచి పారిస్‌కు వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం అట్లాంటిక్‌లో కూలి 228 మంది పోయారు. విమానం గాలి మీద పట్టు కోల్పోతోందని హెచ్చరిక మోగింది. వేగం కొలతలు మరీ తగ్గిపోయేసరికి కంప్యూటరు వాటిని చెల్లనివిగా తీసుకుంది, హెచ్చరిక ఆగిపోయింది. చోదకుడు ముక్కు దించితే కొలతలు మళ్లీ చెల్లేవయ్యాయి, హెచ్చరిక మళ్లీ మోగింది. సరైన పని చేస్తే అరుపు, తప్పు పని చేస్తే నిశ్శబ్దం. ఆ చీకట్లో ఆ మనుషుల స్థితి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

అలారం ఆగడానికి రెండు కారణాలు ఉండవచ్చు. ప్రమాదం పోయింది, లేదా కొలిచేవాడు పోయాడు. రెంటినీ ఒకే నిశ్శబ్దంగా వినిపించకూడదు.

ఎరుపు విషయంలో కోడర్ గారితోనే ఉన్నాను. మా రంగంలో మార్గదర్శకాలు ఒక ఆపరేటరుకు సగటున పది నిమిషాలకు ఒక అలారం దాకా ఫరవాలేదంటాయి. పది నిమిషాల్లో పదికి మించితే దాన్ని వరద అంటాం. వరదలో ఎవరూ ఏదీ చదవరు. చేయాల్సిన పని లేనిదాన్ని అలారం చేయకండి. “కబురు లేదు” అనేది అలారం కాదు, స్థితి. స్థితికి రూపం కావాలి, అరుపు అక్కర్లేదు.

గోపాలపట్నం_వాసి | శనివారం, రాత్రి 8:44

రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. 2020 మే 7 తెల్లవారకముందు వెంకటాపురంలో ఒక పరిశ్రమ నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి వెలువడి 12 మంది చనిపోయిన సంగతి అందరికీ తెలుసు. సైరను మోగలేదు. మా బంధువుల ఇల్లు దగ్గరలోనే. నిద్రలేపింది ఘాటు వాసన, పక్కవాళ్ల కేకలు.

ఆ తర్వాత జరిగినదాని గురించి మాట్లాడాలి. తెల్లవారేసరికి ఫోనులు సందేశాలతో నిండిపోయాయి. “మళ్లీ లీకైంది, పరుగెత్తండి” అని ఒకటి. “అదుపులోకి వచ్చింది” అని ఒకటి. ఏది ఎప్పటిదో తెలియదు. ఫార్వర్డ్ చేసిన సందేశం మీద అది మనకు చేరిన సమయం ఉంటుంది, మొదట పుట్టిన సమయం ఉండదు. కోడర్ గారు చెప్పిన మూడో గడియారమే. మరుసటి రాత్రి అలాంటి సందేశం చూసి మా పిన్ని పిల్లలను తీసుకుని నడిరాత్రి రోడ్డెక్కింది. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పలేదు. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది, పల్లంలో నిలుస్తుంది, గాలివాటానికి అడ్డంగా ఎత్తుకు వెళ్లాలి అనే సంగతి మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

2023లో ఫోనులన్నీ ఒక్కసారిగా మోగి పరీక్ష సందేశం వచ్చినప్పుడు చాలామంది చిరాకుపడ్డారు. నేను మాత్రం ఆ రాత్రి ఇది ఉండి ఉంటే అనుకున్నాను. ఆ పద్ధతిలో టవరు పరిధిలో ఉన్న అన్ని ఫోనులకూ ఒకేసారి చేరుతుంది, ఎవరి నంబరూ అక్కర్లేదు. అందులో రాసే వాక్యమే మిగిలిన పని. ఎక్కడ, ఎప్పుడు, ఎటు. ఈ మూడూ లేని హెచ్చరిక మనిషిని లేపుతుంది కానీ కాపాడదు.

నిర్వాహకులు | శనివారం, రాత్రి 9:10

గోపాలపట్నం వాసి గారికి ధన్యవాదాలు. ఆ ఘటనలో బాధ్యతల చర్చ కోసం వేరే శీర్షిక ఉంది. ఇక్కడ తెరల రూపం మీదే మాట్లాడుకుందాం.

తీరం_డిజైనర్ | సోమవారం, మధ్యాహ్నం 1:26

మీ అందరి మాటలు పట్టుకుని ఈ ఉదయం మళ్లీ చేపలరేవుకు వెళ్లాం. ఈసారి ఫోను తీసుకెళ్లలేదు, కాగితం మీద గీసిన బొమ్మలు తీసుకెళ్లాం.

ఒక బొమ్మలో, సిగ్నలు పోయాక చుక్క పోయి వలయం వస్తుంది. గంట గడిచేకొద్దీ పెద్దదవుతుంది. పడవ గంటకు ఏడు నాటికల్ మైళ్ల వేగంతో వెళ్లగలదనుకుంటే, ఏడు గంటల్లో 49 మైళ్లు, అంటే 90 కిలోమీటర్ల దాకా ఎటైనా వెళ్లి ఉండవచ్చు. వలయాన్ని గీస్తే విశాఖ నుంచి పూడిమడక దాటి పోయింది. లెక్క ప్రకారం అది నిజం. పెద్దావిడ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంత పెద్ద గుండ్రం ఎందుకమ్మా, నీకు తెలియదని చెప్పవచ్చు కదా” అంది. వాతావరణ విద్యార్థి గారి శంకువు గుర్తొచ్చింది. అనుమానాన్ని బొమ్మ గీయబోయి, పరిమాణం గీశాను.

మరో బొమ్మలో చుక్క నిండుగా ఉండదు. సిగ్నలు పోగానే లోపల ఖాళీ అయి, అంచు మాత్రం ముక్కల గీతగా మిగులుతుంది. నర్సు గారి తీగ నుంచి తెచ్చుకున్నాను. ఆకుపచ్చ తీసేశాం. పక్కన పెద్ద అక్షరాల్లో “చివరి అప్‌డేట్: 7 గంటల క్రితం” అని రాశాం. చదివి వినిపిస్తే ఆమెకు అర్థమైంది, కానీ ముఖంలో ఏ కదలికా లేదు. అప్పుడు జాలరిపేట బిడ్డ గారి మాట అరువు తెచ్చుకుని, అక్కడికక్కడే కొట్టేసి రాశాను: “రాత్రి 10 గంటల తర్వాత పడవ నుంచి కబురు లేదు.” ఈసారి ఆమె వెంటనే వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. “పదింటికి అక్కడుంటే, వల వేయడానికి ఇంకా లోపలికి పోయి ఉంటారు. మరి మళ్లీ కబురు ఎప్పుడు?”

ఆ ప్రశ్నకు నా కాగితంలో జవాబు లేదు.

పాతకాపు_కంట్రోల్‌రూము | సోమవారం, మధ్యాహ్నం 2:03

ఆమె మూడో మెట్టు మీదికి తనంతట తానే ఎక్కిందమ్మా. మీరు చేయాల్సింది కింది రెండు మెట్లూ గట్టిగా పట్టుకోవడమే.

జాలరిపేట_బిడ్డ | సోమవారం, సాయంత్రం 4:20

తీరం గారూ, ఆ ప్రశ్నకు పడవ నడిపే సరంగు దగ్గర జవాబు ఉంటుంది. బయలుదేరేటప్పుడే ఎన్నాళ్ల వేట, ఎంత ఐసు, ఎంత డీజిల్ అన్నది తెలుసు. “తొమ్మిదో రోజు సాయంత్రానికి ఒడ్డు సిగ్నలులోకి వస్తాం” అని ఇంట్లో చెప్పే వెళ్తాడు. ఆ మాటను యాప్‌లో రాసుకోనివ్వండి. తొమ్మిదో రోజు దాకా ఖాళీ చుక్క మామూలే, ఎవరూ కంగారుపడరు. తొమ్మిదో రోజు రాత్రి దాటితే అప్పుడు అరవండి. కోడర్ గారు వద్దన్న ఎరుపు అప్పుడు వాడుకోండి.

ఎండాడ_కోడర్ | సోమవారం, సాయంత్రం 4:41

అప్పుడు నేనూ ఒప్పుకుంటాను. సరంగు చెప్పిన తేదీని సర్వరులో దాచడం చిన్న పని, ఈ వారాంతంలో నేనే రాసిపెడతాను. తేదీని మార్చే హక్కు ఎవరిదో మాత్రం ముందు తేల్చుకోండి. యజమాని ఒడ్డున కూర్చుని ఒక రోజు పొడిగించేస్తే ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తెలియాలి.

నావికుడు_భీమిలి | సోమవారం, రాత్రి 7:55

మార్చినవారు ఎవరో, ఎప్పుడు మార్చారో తేదీ పక్కనే కనిపించాలి. ఓడ లాగ్‌బుక్కులో తప్పు రాస్తే రుద్ది చెరపం. ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెడతాం. కొట్టేసిన మాట కూడా చదవడానికి వీలుగానే ఉంటుంది.

తీరం_డిజైనర్ | సోమవారం, రాత్రి 8:30

గీసేశాను. పాత తేదీ మీద ఒక గీత, పక్కన కొత్త తేదీ, కింద మార్చినవారి పేరు. టాక్‌బ్యాక్‌కు కూడా అదే వరుసలో వినిపించేలా రాశాను, శబ్దమే దారి గారు ఒకసారి విని చెప్పాలి. గురువారం ఆ పెద్దావిడ కొడుకు పడవ తిరిగి రావాలి. తెల్లవారుజామున నాలుగింటికి కొత్త కాగితాలతో రేవులో ఉంటాం. జాలరిపేట బిడ్డ గారూ, వీలైతే మీరూ రండి, ఆ సరంగుతో మీరే మాట్లాడాలి.